హెప్సీ చిన్నమ్మ ఇల్లు నా పేర రాయించుకున్నాను

మా హెప్సీ చిన్నమ్మ నోటికి మా ఊళ్లో అందరూ హడలిపోయేవాళ్లు. కెనేడియన్ నది ఒడ్డున ఆమెది దుంగల ఇల్లు. పెరట్లో మోకాలెత్తు చెక్క ఇళ్లు మూడు. మశూచి ఒక్క వారంలో ఎత్తుకుపోయిన ముగ్గురు పిల్లల సమాధుల మీద కట్టినవవి. ఏటా చలి తగ్గగానే వాటి కప్పు పలకలు తనే మార్చేది. "నన్నూ ఇక్కడే పెట్టండే," అని చిన్నదాని పక్కన జాగా చూపించేది. "ఛీ, అవేం మాటలు!" అంటే, "ఏం, నేనేమన్నా ఇనుమా?" అని కసిరేది.

అలా ఉండగా వచ్చిపడింది ఆ పాడు పంపకం. మా క్రీకు తెగ నేలంతా తెల్లవాళ్ల సర్కారు ముక్కలు చేసి మనిషికింత ఇస్తుందట, ఎవరి ముక్క వాళ్లు వెళ్లి రాయించుకోవాలట. చిన్నమ్మ ససేమిరా అంది. "అలబామా నుంచి మా అమ్మని ఇక్కడికి తరిమినప్పుడు, నీళ్లు పారినంతకాలం ఈ నేల మీదేనన్నారు కదే! మన సొత్తు మనమే అడుక్కోవాలా?" అని, కబురు తెచ్చినవాణ్ణి చీపురు తిరగేసి తరిమింది.

నేను మాత్రం నా వాటా కోసం మస్కోగీలో భూముల కచేరీకి వెళ్లాను. గుమాస్తా పటం పరిచాడు. నది వంపు ఉంది, ఊట ఉంది. చిన్నమ్మ ఇల్లున్న చోట ఖాళీ గడి.

"ఇక్కడ మనిషి ఉంది బాబూ!"

"ఎవరూ రాయించుకోలేదమ్మా. ఇందాకే ఒకాయన దీన్నే అడిగాడు. భోంచేసి వస్తానన్నాడు."

ముప్పై ఏళ్ల కాపురం, ముగ్గురు పిల్లల సమాధులు, పటంలో చుక్కైనా లేదు! మాలో ఇల్లూ వంశం పేరూ ఆడవాళ్లవే. చిన్నమ్మ తర్వాత అక్క కూతురిగా ఎలాగూ నాకే వస్తుంది. ఎవరి పేరైతేనేం, మా గాలి వంశం ఆడదానిదేగా అనుకున్నాను. నా వాటా కింద అక్కడికక్కడే రాయించేసి, ఏదో గెలిచినదానిలా చిన్నమ్మ ఇంటికొచ్చాను.

చిన్నమ్మ మొక్కజొన్న దంచుతోంది. విషయం చెప్పాను. రోకలి ఆగిపోయింది.

"నేను బతికుండగానే పంచుకున్నావా?"

"ఎవడో తన్నుకుపోయేవాడు చిన్నమ్మా! నీ కోసమేగా!"

"ఎవడో అయితే దొంగా అని జుట్టు పట్టుకునేదాన్ని. నిన్నేమననే?"

అంత నోరున్న మనిషి ఒక్క తిట్టూ తిట్టలేదు. నాకు అందుకే భయమేసింది. దుప్పటీ చట్టీ మూట కట్టుకుంది. గుమ్మానికి అడ్డం నిలబడితే నన్ను పక్కకి తోసి, కాగితాలు వద్దన్నవాళ్ల డేరాల్లోకి వెళ్లిపోయింది. ఆ నేల కూడా అప్పటికే ఇంకెవరి పేరనో పడిపోయింది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పదకొండేళ్లు అక్కడే ఉంది. ఆ ఇంట్లో నేనుండేదాన్ని. ఏటా పలకలు మార్చడానికి మాత్రం వచ్చేది. కంచె బయటే నిలబడి, "ఇంట్లో ఎవరమ్మా? పెరట్లోకి రావచ్చా?" అని పిలిచేది. మొదటిసారి ఆ పిలుపు విని గబగబా బయటికొచ్చాను.

"నీ ఇల్లే కదా చిన్నమ్మా!"

"కాగితం చూసి చెప్పు."

మొన్న చలికాలంలో పోయింది. కబురు అందగానే బండి కట్టించుకుని పరుగున వెళ్లాను. పిల్లల పక్కన గొయ్యి తవ్విస్తున్నానని, ఇంటికి తీసుకెళ్తానని చెప్పాను. డేరాల పెద్దాయన బండికి అడ్డం వచ్చాడు.

"వద్దమ్మాయ్. నది అవతల పెట్టమని ముందే చెప్పింది."

"పిల్లలు ఇంటి దగ్గరుంటేనా? ఎందుకు?"

ఆయన నా మొహం చూడలేకపోయాడు.

"చచ్చాక కూడా నిన్ను అడిగి లోపలికి రాలేనంది."