తొమ్మిది మ్యాచ్‌ల వాల్టర్ గారికి నేను వేసిన ప్లాస్టిక్ పొర

1995లో నేను దోహాలో, అబూ హమూర్ వైపు ఒక చిన్న ఫొటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. పాస్‌పోర్ట్ ఫొటోలు తీయడం, పాత ఫొటోలకు కాపీలు చేయడం, ఫ్రేములు కట్టడం, లామినేషన్ వేయడం మా పనులు. లామినేషన్ అంటే కాగితాన్ని రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి వేడి రోలర్ల గుండా పంపడం. అటువైపు నుంచి కాగితం అమరత్వం పొంది బయటికొస్తుంది. గల్ఫ్‌లో మనవాళ్ళకు దానిమీద ఉన్న నమ్మకం ఇంతా అంతా కాదు. చెమటకు, ఉక్కకు, క్యాంపు గదిలో పెట్టెల మధ్య నలుగుడుకు ఏ కాగితం నిలుస్తుంది? పదో తరగతి సర్టిఫికెట్ దగ్గర్నుంచి పెళ్ళి ఫొటో దాకా ఏది తెచ్చినా "లామినేషన్ కొట్టెయ్యన్నా" అనేవారు. అననివాళ్ళకు నేనే వేసి ఇచ్చేవాణ్ణి. మాది రాజోలు దగ్గర. విస్తరి ముందు కూర్చున్నవాడికి అడక్కుండా మారు వడ్డించే అలవాటు షాపులోనూ పోలేదు.

వాల్టర్ గారు మదీనత్ ఖలీఫాలో ఉండే కెనడా ఇంజినీరు. యాభై దాటిన, గుమ్మం నిండే మనిషి. ఒకరోజు పొద్దున్నే వచ్చి, చొక్కా జేబులోంచి పేకముక్కంత అట్ట ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టారు. దానిమీద హాకీ కర్రతో ఒక సన్నటి యువకుడు.

"ఇది నేనే. నమ్మకపోయినా ఫరవాలేదు, మా ఆవిడే నమ్మదు" అన్నారు.

దాన్ని ట్రేడింగ్ కార్డు అంటారట. వాళ్ళ దేశంలో ప్రొఫెషనల్ ఆటగాళ్ళ బొమ్మలు అచ్చువేసి బబుల్‌గమ్ పొట్లాల్లో పెట్టి అమ్మేవారట. జనం వాటిని పోగుచేసి, ఒకరితో ఒకరు మార్చుకుంటారట.

మా ఫ్రేముల మనిషి గంగారాం, జగిత్యాల వైపు వాడు, నా భుజం మీదుగా తొంగిచూశాడు. "అన్నా, గడ్డేది? అంత తెల్లగున్నది. రంగు వోయినట్టుంది, జర ఆకుపచ్చ కొట్టరాదు?"

"అది మంచు గంగారాం. వాళ్ళు మంచు మీద ఆడతారు."

"మంచు మీదనా? ఫ్రిజ్జుల ఆడినట్టే గదనే!"

కార్డు వెనక లెక్కలున్నాయి. మ్యాచ్‌లు తొమ్మిది, గోల్స్ సున్నా. "ఆ సున్నా తేలిగ్గా రాలేదు, చాలా కష్టపడ్డాను" అన్నారు వాల్టర్ గారు. తొమ్మిదో మ్యాచ్ కాగానే జట్టు ఆయన్ను ఇంటికి పంపేసింది. పాపం, ఆయన కెరీర్ మా టిఫిన్ క్యారియర్ కంటే త్వరగా ఖాళీ అయింది.

అసలు సంగతి తర్వాత చెప్పారు. కెనడాలో ఒక రిటైరైన టీచరమ్మ ఉంది. పేరున్నవాళ్ళ జోలికి పోదు. పది మ్యాచ్‌లలోపే ఆట ముగిసినవాళ్ళ కార్డులే సేకరిస్తుంది. ఆమె దగ్గర రెజ్ అనే గోల్‌కీపర్ కార్డులు రెండున్నాయి. రెజ్ అంటే వాల్టర్ గారికి జట్టు బస్సులో పక్క సీటు, హోటల్లో పక్క మంచం. మూడే మ్యాచ్‌లాడి మోకాలు పోగొట్టుకున్నాడు.

"నిరుడు చనిపోయాడు. అతని ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు. నా కార్డు ఇస్తే ఆవిడ రెజ్ కార్డు ఇస్తానంది. పంపేముందు నాకోసం దీనికి కాపీ తీసి పెట్టండి. జాగ్రత్త, ఈ ఒక్కటే ఉంది."

జాగ్రత్త అన్నారు కదా. కాపీ తీశాను. తీశాక, మూలలు మెత్తబడిన ఆ అట్టను చూస్తే జాలేసింది. పోస్టులో అంత దూరం వెళ్ళాలి. షాపులో ఉన్నవాటిలో మందమైన ప్లాస్టిక్ ఏరి మెషీన్‌లో పెట్టాను. గాలిబుడగ ఒక్కటి లేదు. అంత శుభ్రమైన లామినేషన్ నేను అంతకుముందు వేయలేదు.

సాయంత్రం వాల్టర్ గారు వచ్చారు. "లామినేషన్ మా కానుక సార్" అన్నాను గర్వంగా.

ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు. "దీన్ని బయటికి తీయగలరా?"

"ఎందుకు సార్? ఇప్పుడు నీళ్ళలో పడేసినా ఏమీ కాదు."

"నీళ్ళలో పడేసినా బాగుండేది. ఆరేది."

సేకరించేవాళ్ళకు అట్ట అట్టగానే ఉండాలట. టేపు, జిగురు, ప్లాస్టిక్ తగిలినది తీసుకోనని టీచరమ్మ ముందే రాసిందట. హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి ఒక మూల ఎత్తి చూశాను. జిగురుతోపాటు అట్ట మీది రంగు కూడా లేచింది. ఇంకాస్త లాగితే వాల్టర్ గారి ముఖమే వచ్చేది. ఆపేశాను. పొర వేయడం నా వృత్తి, పొరపాటు దాని తోబుట్టువు.

ఆయన తిట్టలేదు. "రెజ్ ఉంటే దీనికి పడీపడీ నవ్వేవాడు" అని, తాను మాత్రం నవ్వలేక వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే ఆ పూట నాకు అన్నం సహించేది.

"ఆమెకు నువ్వే ఉత్తరం రాయి" అన్నాడు గంగారాం. "తప్పు జేసింది నువ్వాయె. సారు రాస్తే సాకులు చెప్తుండనుకుంటది."

"నేనెవరినో ఆవిడకేం తెలుసు?"

"కార్డులంటే గామెకు పాణం గద. నీది గూడ ఒకటి కొట్టి పంపు!"

అలా నాకూ కార్డు తయారైంది. ఫ్రేము పట్టె హాకీ కర్ర, పాస్‌పోర్ట్ ఫొటోల తెల్ల తెర మంచు. కెమెరా వెనక గంగారాం. "వంగన్నా. కోపంగ చూడు. గట్ల గాదు, కడుపునొప్పి లేసినట్టున్నది!" వెనకవైపు టైపు చేశాను: పేరు, రత్నరాజు. స్థానం, కౌంటర్ వెనక. ఆడిన మ్యాచ్‌లు, ఒకటి. ఓడినవి, ఒకటి. చేసిన తప్పు, అడక్కపోవడం. జరిగినదంతా ఉత్తరంలో రాసి, రెజ్ కార్డు ఇవ్వకపోయినా దాని ఫొటో అయినా పంపమని వేడుకున్నాను. ఈసారి వాల్టర్ గారిని అడిగి, ఆయన సరేనన్నాకే ఆ ప్లాస్టిక్ పొరతో ఉన్న ఆయన కార్డూ నా కార్డూ కవర్లో పెట్టాను.

నెల దాటాక ఒక మధ్యాహ్నం వాల్టర్ గారి కారు ఆగింది. అది చూడగానే గంగారాం వెళ్ళి లామినేషన్ మెషీన్ ప్లగ్గు పీకేశాడు.

వాల్టర్ గారు టీచరమ్మ ఉత్తరం చదివి వినిపించారు. "ప్లాస్టిక్ తగిలింది తీసుకోకూడదన్నది నా నియమం. దాని కెరీర్ కూడా చిన్నదే అయింది, ఇవాళ రిటైర్ చేశాను. వాల్టర్‌నూ రత్నరాజునూ ఒకే పేజీలో పెట్టాను. రత్నరాజు కార్డు ఇంకొకటి ఉంటే పంపండి, మార్చుకోవడానికి ఉంటుంది."

తర్వాత ఆయన రెజ్‌ను కౌంటర్ మీద పెట్టారు. ముందు పళ్ళు రెండు లేని యువకుడు, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. "మొదటి మ్యాచ్‌లోనే ఊడాయి. మిగతా రెండూ ఇలా నవ్వుతూనే ఆడాడు" అన్నారు వాల్టర్ గారు. చెబుతూ ఆయనా నోరంతా తెరిచి నవ్వారు.

నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. "దీన్ని ఏం చేయమంటారు సార్?" అన్నాను.

"ఏమీ వద్దు. ఊరికే చూడండి."

కౌంటర్ మీదికొచ్చిన ప్రతిదాన్నీ నేను కాపాడనక్కర్లేదని, కొన్నింటిని జనం చూడమని మాత్రమే తెస్తారని అప్పుడు తెలిసింది. ముగ్గురం మోచేతులు ఆనించి రెజ్‌ను తనివితీరా చూశాం. కార్డు జేబులో పెట్టుకుని వాల్టర్ గారు వెళ్ళారు.

"ప్లగ్గు పెట్టాల్నా అన్నా?" అడిగాడు గంగారాం.

"ఆయన కారు మలుపు తిరగనీ" అన్నాను.