కాలు ఆనించని క్రిసాంతో

ఆ వేసవంతా క్రిసాంతో కాలు గాలిన పిల్లిలా తిరిగాడు. పులిలాన్ మార్కెట్ ఎదుట స్టాండులో తన బండి వంతు వచ్చేదాకా కుదురుగా కూర్చోవడం అతని వల్ల కాలేదు. కాఫీ తెచ్చుకుని సగం తాగి పారబోసేవాడు. ఫోను తీసి మోటార్ సైకిళ్ళ బొమ్మలు చూసేవాడు, జేబులో పెట్టేవాడు, మళ్ళీ తీసేవాడు. చేపల సంచితో ఎక్కిన ఒక ముసలమ్మ చర్చి దగ్గర దింపమంటే స్కూలు దగ్గర దింపి వచ్చాడు. ఆవిడ మర్నాడు వచ్చి స్టాండులో అందరి ముందూ కడిగిపారేసింది. పాపం, అతను అది కూడా సరిగ్గా వినలేదు.

అతనిది తొట్టి బండి. మోటార్ సైకిల్‌కి కుడిపక్క రేకు తొట్టి బిగించి, దానికి మూడో చక్రం తగిలిస్తే అదే మా ఊరి వాహనం. మార్కెట్, చర్చి, స్కూలు, మళ్ళీ మార్కెట్. అనుమతి అంతవరకే, పెద్ద రోడ్డు ఎక్కితే పోలీసులు ఊరుకోరు. పాతికేళ్ళు ఆ మూడు వీధుల్లోనే తిరిగినవాడికి ఉన్నట్టుండి ఈ పెద్ద బండి పిచ్చి ఏమిటని అందరూ నవ్వుకున్నారు. నవ్వేవాళ్ళకి లియోనీలా సంగతి తెలియదు.

లియోనీలా అతని భార్య. మనీలాలో ఒక పెద్దింట్లో వంట చేస్తుంది. శనివారం సాయంత్రం బయల్దేరి రెండు బస్సులు, ఒక జీపు మారి, ఇల్లు చేరేసరికి ఊరు నిద్రపోయేది. సోమవారం తెల్లారకముందే మళ్ళీ పరుగు. ఈమధ్య మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఇంటావిడ చూసి, ఇక్కడే గది ఇస్తాను, నెలకోసారి వెళ్ళి రమ్మంది. ఆ సంగతి లియోనీలా ఇంట్లో చెప్పులు విప్పుకుంటూ మామూలుగా చెప్పింది.

"వారం వారం ఈ తిరుగుడు ఇంక నావల్ల కాదు, క్రిస్."

కోపంగా చెప్పి ఉంటే అతను ఎదురు మాట్లాడేవాడే. నింపాదిగా చెప్పేసరికి గుండె జారిపోయింది. పిల్లలు లేని ఇల్లు. వారంలో ఆ ఒక్క రోజు కోసమే మిగతా రోజులు గడుస్తున్నాయని అతనికి అప్పుడే తెలిసొచ్చినట్టుంది. నేనే వచ్చి తీసుకొస్తాను, పెద్ద బండి కొంటాను, ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎంతసేపు గనక అనేశాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసి, వానలు పడేదాకా ఆగుతానని, తర్వాత గది సంగతి చెప్పేస్తానని అంది. ఆమెకి ఆ మాట మీద నమ్మకం లేదు. తనకి ఏదైనా రాదని ఒప్పుకునే అలవాటు అతనికి లేదని ఆమెకి పెళ్ళినాటి నుంచీ తెలుసు.

మా దేశంలో నాలుగు వందల సీసీకి తక్కువైన బండిని ఎక్స్‌ప్రెస్‌వే గేటు దాటనివ్వరు. అందుకని ఇక్కడ పెద్ద బండి కొనేవాడెవడైనా రంగూ రూపూ తర్వాత చూస్తాడు, ముందు ఆ అంకె చూస్తాడు. తండ్రి పొలంలో తన వాటా అమ్మిన సొమ్ముంది కనుక క్రిసాంతోకి కొనడం కష్టం కాదు, తేల్చుకోవడమే కష్టం. స్టాండులో ప్రతివాడూ సలహాదారుడే అయ్యాడు. ఒకడు నాలుగు సిలిండర్లన్నాడు, చప్పుడే వేరన్నాడు. ఒకడు కుర్చీలా పొడుగ్గా, కిందికి ఉండేది తీసుకొమ్మన్నాడు. అతని జోడీదారు దాదింగ్ మాత్రం కొండలెక్కే ఎత్తు బండి తప్ప మరేదీ ఒప్పుకోలేదు.

"నువ్వేమన్నా కొత్తగా నేర్చుకునేవాడివా బావా? మా అందరిలోకీ సీనియరువి. పొట్టి బండి కొంటే స్టాండు పరువు పోతుంది" అన్నాడు.

క్రిసాంతో అయిదడుగుల రెండంగుళాల మనిషి. అయినా ఆ మాట బుర్రకెక్కింది. రాత్రిళ్ళు కళ్ళు మూస్తే ఎత్తు బండే కనపడింది.

పాత బండ్లమ్మే దుకాణం ఊరి చివర ఉంది. నడిపేది చారితో అనే ఆవిడ. యాభై దాటిన మనిషి, మొగుడు పోయాక వ్యాపారం తనే చూసుకుంటోంది. క్రిసాంతో ఎత్తు బండి చుట్టూ మూడుసార్లు తిరిగాక, ఇదే మొదటి బండా అని ఆమె మామూలుగా అడిగింది. అతనికి పౌరుషం వచ్చింది. తను బండెక్కి పాతికేళ్ళు దాటిందన్నాడు. వెనక దాదింగ్ కూడా గట్టిగా వంత పాడాడు. ఆమె తాళం చేతికిచ్చి, దుకాణం గేటుదాకా వెళ్ళి రమ్మంది.

వెళ్ళడం బాగానే వెళ్ళాడు. తిన్నగా, ఠీవిగా వెళ్ళాడు. గేటు దగ్గర బ్రేకు నొక్కాడు, బండి ఆగింది. రెండు కాళ్ళూ పెడల్స్ మీదే పెట్టుకుని దర్జాగా వెనక్కి తిరిగి దాదింగ్‌ని చూశాడు. పాతికేళ్ళలో ఏనాడూ అతను కాలు కింద ఆనించి ఎరగడు, ఆ పని ఎప్పుడూ తొట్టే చేసింది. బండి నెమ్మదిగా కుడిపక్కకి ఒరిగింది. అతను కంగారు పడకుండా చూస్తూనే ఉన్నాడు. కుడిపక్క తొట్టి ఉందన్న ధీమా అతని ఒంట్లో అంతలా పాతుకుపోయింది. నేలకి తగిలాక గానీ లేదని తెలియలేదు.

దాదింగ్ నవ్వాడు. ఆ తర్వాత మనిషి లేవకపోవడం చూసి పరిగెత్తాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. క్రిసాంతో లేవనిది నొప్పికి కాదు, సిగ్గుకి.

చారితో బండి లేపించి, అద్దం విరిగిందో లేదో కూడా చూడకుండా అతని పక్కన కూర్చుంది. "నువ్వు నడిపింది మూడు చక్రాల బండి, తమ్ముడూ. రెండు చక్రాలది నువ్వింకా మొదలే పెట్టలేదు. తొట్టి బండికి హ్యాండిల్ తిప్పితే చాలు, దీనికి ఒళ్ళు వంచాలి. అసలు నీ ఈడు కొత్తవాడికన్నా నీకే ఎక్కువ కష్టం. వాడు నేర్చుకుంటే చాలు, నువ్వు ముందు మర్చిపోవాలి."

ఎత్తు బండి అతనికి అమ్మనని కూడా చెప్పేసింది. మూలనున్న ఎత్తు తక్కువ బండి చూపించింది. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, మధ్యరకం. అంకె మాత్రం గేటుకి సరిపోతుంది. ఎక్కి చూశాడు. రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాయి. స్టాండులో ఏమంటారోనన్న ఆలోచన వచ్చింది. ఒళ్ళు మండింది. దాదింగ్ మొహం వైపు చూడకుండానే ఇదే ఇవ్వమన్నాడు.

ఆ శనివారం లియోనీలా వచ్చేసరికి బండి వాకిట్లో ఉంది, అతని మోచేతికి కట్టు ఉంది. ఏమైందని అడిగితే మెట్టు మీద జారానన్నాడు. ఆమె తలూపి అన్నం వడ్డించింది. ఊరంతా తెలిసిన సంగతి ఆమెకి జీపులోనే తెలిసిపోయిందని ఆ మూర్ఖుడికి తోచలేదు. సోమవారం పొద్దున్నే సంచి సర్దుకుంటూ, ఇంక వానలదాకా ఆగనని, గదికి సరేనంటానని చెప్పి వెళ్ళిపోయింది.

అప్పుడు మొదలైంది అసలు నలుగుడు. వడ్లు ఎండబోసే బాస్కెట్‌బాల్ కోర్టులో, వడ్లు ఎత్తేసిన తర్వాత సాయంత్రాలు అతను తిరుగుతూనే ఉండేవాడు. ఆగడం, కాలు పెట్టడం. ఆగడం, కాలు పెట్టడం. పడ్డప్పుడల్లా కుడిపక్కకే పడ్డాడు. స్టాండు వాళ్ళు గోడెక్కి చూసేవాళ్ళు. కొన్నాళ్ళకి వాళ్ళకే విసుగొచ్చి దిగిపోయారు. వానలొచ్చాయి. లియోనీలా నెలకోసారి వచ్చి వెళ్ళింది. మధ్య శనివారాల్లో అతను చీకటి పడ్డాక కూడా వాకిట్లో అటూ ఇటూ తిరగడం ఇరుగుపొరుగువాళ్ళం చూశాం.

వానలు వెనకబట్టాక, లియోనీలా ఇంటికి రావాల్సిన ఒక శనివారం మధ్యాహ్నం అతను ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. ఎక్స్‌ప్రెస్‌వే గేటు దగ్గర టిక్కెట్టు తీసుకోవడానికి ఆగి, కాలు పెట్టాడు. పక్కనుంచి లారీలు దాటుతుంటే బండి ఊగిపోయింది. అతను రోడ్డు అంచు పట్టుకుని, వెనక హారన్లు మోగుతున్నా లెక్కచేయకుండా, వెళ్ళగలిగినంత మెల్లగా వెళ్ళాడు. మనీలాలో ఆ ఇంటి ముందు బండి ఆపేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వేళ్ళు హ్యాండిల్ నుంచి విడిపోవడానికి కాసేపు పట్టింది.

లియోనీలా ఏప్రన్‌తోనే బయటికి వచ్చింది. బండిని చూసింది, రెండో హెల్మెట్‌ని చూసింది, అతని చేతులు చూసింది. వేళ్ళు ఇంకా హ్యాండిల్ పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. అతను దాచుకుందామని జేబులో పెట్టుకోబోయి, మానేశాడు.

"వచ్చేటప్పుడు భయమేసిందా?" అని అడిగింది.

"వేసింది. గేటు దాటిన దగ్గర్నుంచి ఇక్కడిదాకా. ఆ రోజు మెట్టు మీద జారలేదు నీలా. నాకు నడపడం రాక పడ్డాను. ఇప్పుడు కూడా సగమే వచ్చు. నువ్వు బస్సులో వెళ్తానంటే నేనేమీ అనుకోను."

ఆమె ఏప్రన్ విప్పి మడిచింది.

"అయితే ఎక్కుతాను" అంది. సంచి తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.