గో అరౌండ్ అంటే ప్రమాదం కాదు

సత్యనారాయణకు టీవీ వార్తలంటే ఒళ్ళు మంట. విమానాలకు దారి చూపే రేడియో పరికరాలను ముప్పయ్యేళ్ళు కంటికి రెప్పలా కాచిన మనిషి మరి. వీళ్ళ చేతిలో మైకు పిచ్చోడి చేతిలో రాయే అంటాడు. ఆ మాటలో తప్పేమీ లేదు.

ఆ పుష్యమాసం ఉదయం గన్నవరం మీద మంచు దట్టంగా కమ్మింది. ఎదురింటి మల్లీశ్వరి ఏడుస్తూ వచ్చింది. చీరల వ్యాపారం మీద ముంబయి వెళ్ళిన ఆమె భర్త సురేష్ తిరిగొస్తున్న విమానం గురించే టీవీలో ఎర్రక్షరాలు: ‘దారి తప్పిన విమానం! ల్యాండింగ్ ఫెయిల్!’

“దారి తప్పడమేంటమ్మా, వీళ్ళ మొహం! రన్‌వే కనపడకపోతే దిగకుండా మళ్ళీ పైకి లేస్తారు. దాన్ని గో అరౌండ్ అంటారు. ఇప్పుడు ఉయ్యూరు వైపు చక్కర్లు కొడుతోందే, అది హోల్డింగ్. మంచు వీడేదాకా ఆగమన్నారన్నమాట. వీడకపోతే హైదరాబాద్‌లో దింపుతారు. చలికాలంలో మామూలే ఇది.”

“మీరు చెప్పారుగా బాబాయిగారూ, ఇంక నాకు భయంలేదు.” ఆమె కళ్ళు తుడుచుకుని ఇంటికి వెళ్ళింది.

సత్యనారాయణ కోపం మాత్రం చల్లారలేదు. బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఆ చానల్‌కు ఫోన్ చేసి దులిపేశాడు. “మీరే లైవ్‌లో చెప్పండి సార్,” అన్నారు వాళ్ళు, మాటలకు తేనె పూసి. సరేనని మొదలుపెట్టాడు. యాంకరమ్మాయి మధ్యలోనే అందుకుంది.

“రన్‌వే కనపడకపోయినా దించేస్తే ఏమవుతుందండీ?”

“కూలిపోతుంది! అందుకేనమ్మా మళ్ళీ పైకి...”

లైను తెగింది. ‘కూలిపోతుంది: విమానాశ్రయం మాజీ ఉద్యోగి’ అని తెరమీద ఆయన పేరుతో సహా పడింది. ఆ ఒక్క ముక్కే ఆయన గొంతుతో మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. నిజం చెప్పబోయిన మనిషి నోటితోనే అబద్ధం చెప్పించారు వెధవలు.

రిమోటు నేలకేసి కొట్టాడు. మళ్ళీ ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. చెప్పులైనా వేసుకోకుండా ఎదురింటికి పరిగెత్తేసరికి, మల్లీశ్వరి గుమ్మంలో కూలబడి ఉంది.

“నా మాట సగంలో కోసేశారమ్మా! అతనికేం కాదు, ఒట్టు!”

“మీరు చెప్పాక వాళ్ళ మాట నేనెక్కడ నమ్మాను బాబాయిగారూ? మీ నోటితో మీరే అన్నారుగా.”

అరగంటకు సురేష్ హైదరాబాద్‌ నుంచి ఫోన్ చేశాడు, క్షేమంగా దిగానని. మల్లీశ్వరి భోరుమంది. ఆయనకేసి మాత్రం చూడలేదు. సత్యనారాయణ ఇంటికి వచ్చేసరికి, టీవీలో ఆయన గొంతు ఇంకా ఆ విమానాన్ని కూలుస్తూనే ఉంది.