నాన్న కొన్న సబ్బు

బొగ్గుబాయిలో రిటైరైన మా నాన్న, తన చివరి ఎండాకాలంలో రోజూ కాలనీ పక్కనున్న పెద్ద మాల్‌కు చల్లదనం కోసం వెళ్లేవాడు. ట్రాలీ నిండా సామాన్లు వేసుకుని తిరిగేవాడు. వచ్చేముందు, షిఫ్టు దిగి టోపీ లైటు అప్పజెప్పినట్టు, అన్నీ మళ్లీ అరల్లో సర్దేవాడు.

మాల్ మూసేస్తున్నారని విని బెంగపడ్డాడు. నన్ను వెంటబెట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లాడు.

"నేనేం కొంటలేనని మూస్తున్రా బిడ్డా?"

"గట్లేం లేదు కాకా. ఓపెన్‌కాస్టు బాయి తవ్వెతందుకు క్వార్టర్లు ఖాళీ చేయించిరి. కొనెటోళ్లంత మంచిర్యాల పోయిన్రు. రోజూ వచ్చేది నువ్వొక్కనివే."

నాన్నకు మనసొప్పలేదు. ఒక సబ్బు కొన్నాడు. తలుపు దాకా వచ్చి, అలవాటు కొద్దీ వెనక్కి వెళ్లి దాన్ని అరలో పెట్టేశాడు.

మేనేజర్ దాన్ని పట్టుకుని మా వెనక రోడ్డు మీదికి ఉరికొచ్చాడు.

"కాకా, గిదొక్కటన్న ఇంటికి తీస్కపో!"