షెడ్డులో పంతులమ్మ

కొత్త కారును గోడకు గుద్దిన నాటినుంచీ పంతులమ్మకు కాలు ఒకచోట నిలవదు. బడి వదలగానే మెకానిక్ షెడ్డుకు వస్తుంది. నలిగిన బానెట్ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. "ఇన్సూరెన్స్ వాళ్లు ఎప్పుడొస్తారు?" అని మెకానిక్ ప్రాణం తోడేస్తుంది.

ఆ రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ రానే వచ్చాడు. ఫొటోలు తీసుకుని, "బండి ఎవరు నడిపారు?" అన్నాడు.

"నేనేనండీ," అన్నాడు ఆమెతో వచ్చిన భర్త. పంతులమ్మ గుద్దిందంటే నలుగురూ నవ్వుతారని అతని బెంగ.

పంతులమ్మ తిరగడం ఆపింది. "కాదండీ, నేనే. లైసెన్సుంది. బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కాను."

సర్వేయర్ తలూపి అదే రాసుకున్నాడు. భర్త నేల చూపులు చూశాడు.

"చక్రాలు చూడాలి, ఎవరైనా కూర్చుని స్టీరింగ్ తిప్పండి," అన్నాడు మెకానిక్. భర్త కదిలేలోపే ఆమె తలుపు తీసి కూర్చుంది. కాలు బ్రేకు మీదే ఉందో లేదో ఒకసారి వంగి చూసుకుంది. ఆపైన స్టీరింగ్ తిప్పింది.