నేసిన రంగు, దిగిన రంగు

నేను పాఠాలు చెప్పే కళాశాల వెనుక ప్రహరీగోడ కోసం రాళ్లు కొడుతున్నారు. సమ్మెట పడినప్పుడల్లా కాలినట్టుండే వాసన కిటికీలోంచి లోపలికి వస్తోంది. నల్లగొండ, పాలమూరు వైపు పుట్టినవాళ్లకు ఆ వాసన కొత్త కాదు, మా నేలంతా రాయే. నాకు మాత్రం దానితోపాటు అనసూయ మేడమ్ గొంతు కూడా వినిపిస్తుంది. "పైపొర పారెయ్. లోపలిది గావాలె."

ఆమె నా పరిశోధనకు గైడు. నారాయణపేటలో చీరలు నేసే ఇంట్లో పుట్టి, భూగర్భశాస్త్రం చదివి, విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. నేను ఆలేరులో రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్ కూతుర్ని. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆమె దగ్గర చేరాను. మొదట్లో ఆమెను చూస్తే భయమేసేది. తర్వాత ఆమె అలవాటయ్యారు గానీ భయం పోలేదు.

కల్వకుర్తి దారిలో, రోడ్డు కోసం సగం కోసేసిన ఒక గుట్ట ఉంది. దాని బూడిదరంగు రాయిలో తెల్లటి చారలు మెలికలు తిరిగి కనిపిస్తాయి. ఒకప్పుడు చాలా లోతున ఉన్న ఆ రాయి వేడికి కొంత కరిగింది. కరిగినది గట్టిపడి చారలయింది. రాయి కరగడానికి నీరు తోడ్పడుతుంది. ఆ నీరు రాయిలోని ఖనిజాల్లోనే ఉందా, బయటి నుంచి వచ్చిందా? దీనికి సాక్షి ఆక్సిజన్. అందులో తేలిక రకం, బరువు రకం ఉన్నాయి. వాటినే ఐసోటోపులంటారు. వాటి పాళ్లు ఒక్కో నీటిలో ఒక్కో తీరుగా ఉంటాయి, నీరు తాకిన రాయిలో ఆ గుర్తు మిగులుతుంది. పైనుంచి ఇంకే వాన నీటిలో తేలిక రకం ఎక్కువ. చుట్టూ ఉన్న రాయిలో కన్నా చారల్లో తేలిక రకం ఎక్కువని చూసి, బయటి నీరు చొరబడినందువల్లే ఆ రాయి కరిగిందని మేడమ్ వయసులో ఉండగా ఒక వ్యాసం రాశారు. ఆమెకు పేరు తెచ్చింది అదే.

అప్పట్లో ఆమె చారను మొత్తంగా పొడి చేసి కొలిపించారు. నన్ను మాత్రం రేణువు రేణువు విడదీయమన్నారు. సూక్ష్మదర్శిని కింద సూదితో పలుగురాయి ఒక పక్కకు, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఇంకో పక్కకు నెట్టాలి. మెడ పట్టేసేది. "మా అవ్వ చిక్కువడ్డ నూలు గిట్లనే తీసేది. జర ఓపిక పట్టు," అనేవారు. ఆ ఓపికే కొంప ముంచింది. కొలతలు వచ్చి చూస్తే, పలుగురాయిలో ఆక్సిజన్ పాళ్లు చారలోనూ చుట్టూ ఉన్న రాయిలోనూ ఒకేలా ఉన్నాయి. తేడా అంతా ఫెల్డ్‌స్పార్‌లోనే. తర్వాత ఎప్పుడు నీరు తగిలినా ఫెల్డ్‌స్పార్ సులువుగా మారుతుంది, పలుగురాయి అంత తొందరగా మారదు. అంటే ఆ రాయి తనలోని నీటితోనే కరిగింది. బయటి నీరు తాకింది ఆ తర్వాతెప్పుడో, రాయి చల్లారి పైకి వచ్చాక. మేడమ్ వ్యాసం ఇక నిలబడదు. నా సిద్ధాంత గ్రంథం మీద సంతకం పెట్టాల్సిందీ ఆమే.

మేడమ్ మహానుభావురాలని రాస్తే ఆమెకే నచ్చదు. కాగితాలు చూడగానే మొహం ముడుచుకున్నారు. "నీ రాయి మంచిగ లేదు. కొత్తది కొట్టుకరా పో," అన్నారు. కొత్తది తెచ్చి మళ్లీ విడదీశాను. ఫలితం మారలేదు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఒక పొద్దున తానే పిలిచి జీపెక్కమన్నారు. గుట్ట దగ్గర కూర్చుని జొన్నరొట్టె విప్పారు. చారల వైపే చూస్తూ మెల్లగా తిన్నారు.

"మా ఇంట్ల కొత్త చీర నానవెడితే అంచు రంగు చీరకంత దిగేది, రూతూ. నేసిన రంగేదో దిగిన రంగేదో చిన్నప్పుడే చెప్తుంటి నేను. గీడికొచ్చి దిగిన రంగు జూసి నేసిందే అనుకున్న."

ఆమె మీద జాలి కలిగింది. నా డిగ్రీ ఏమవుతుందోనన్న బెంగ అంతకంటే ఎక్కువ కలిగింది.

అందుకే గ్రంథంలో మెత్తగా రాశాను, 'మునుపటి అభిప్రాయాన్ని కొంత సవరించవలసి రావచ్చు' అని. ఆమె దాని మీద అడ్డంగా గీత కొట్టి నా ముందు పడేశారు. "కొంత ఏంది? నన్ను గాపాడుమని నిన్నెవలడిగిన్రు?"

మౌఖిక పరీక్ష నాడు, బయటి నుంచి వచ్చిన పరీక్షకులు మేడమ్ పాత వ్యాసాన్ని పైకెత్తి, "మరి ఇదేమిటమ్మా? ఇద్దరిలో పొరబడింది ఎవరు?" అని అడిగారు. మేడమ్ ముందు వరుసలోనే కూర్చున్నారు. నేను నా కాగితాలు తిరగేయసాగాను. అలాంటప్పుడు గైడు నోరు విప్పకూడదు. ఆమె విప్పారు.

"చెప్పు బిడ్డా. ఎవలిది తప్పు?"

"మీది, మేడమ్."

"ఆఁ. ఇగ తర్వాతి ప్రశ్న అడుగున్రి, సార్."

మేడమ్ ఇప్పుడు లేరు. ఆ గుట్ట గురించి మాట్లాడేవాళ్లు ఇప్పుడు నా వ్యాసమే చూపిస్తారు. ఏటా కొత్తగా వచ్చిన పిల్లలకు దాన్నే ఇచ్చి తప్పు వెతకమంటాను. ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. దొరికితే నేనూ మొహం ముడుచుకుంటాను, కొత్త రాయి తెమ్మంటాను, అలుగుతాను. అంతవరకు ఆమె దగ్గర బాగానే నేర్చుకున్నాను. ఆ తర్వాత అందరి ముందూ ఎవరిది తప్పని అడగాలి. అడగగలనో లేదో నాకింకా తెలియదు.