కాగితం మీద నేను రాసిన నాన్న

ఆ రోజు నేను చేసిన తప్పు ముందు చెప్పేస్తాను. ఒంగోలులో, ఇక మందులు పనిచేయవని తేలినవాళ్లను ఉంచే వార్డులో నాన్నను చేర్చాం. ఆయనకు ఏమిష్టం, ఏం వింటారు, ఎలా పిలవాలి, రాయమని నర్సమ్మ ఒక కాగితం ఇచ్చింది. దాన్నిబట్టే చూసుకుంటారట. నాన్న పక్కనే మెలకువగా ఉన్నాడు. అడగకుండా నేనే నింపేశాను. 'కీర్తనలు ఇష్టం. బైబిలు చదివి వినిపించాలి. నెమ్మదస్తులు.'

నాన్న పర్చూరు దగ్గర ఒక రైతుకు పాలేరు. బండలాగుడు పోటీలకు ఎడ్లను మేపి, తోలినవాడు. చర్చికి క్రిస్మస్ నాడే వచ్చేవాడు. నేను బడిపంతుల్ని, సంఘ పెద్దని. పలకరించడానికి వచ్చే సంఘంవాళ్లకు ఎలాంటి తండ్రి కనపడాలనుకున్నానో, ఆ తండ్రినే రాశాను.

మంచం దగ్గర రోజంతా ఫోనులో కీర్తనలే. మూడో రోజుకు నాన్న గోడవైపు తిరిగి పడుకుని పలకడం మానేశాడు. "ఇంక ఎక్కువ రోజులు ఉండకపోవచ్చండీ" అంది నర్సమ్మ. నమ్మాను. నమ్మడమే నాకు తేలిక.

అక్క గుంటూరులో మిరపకాయలు ఏరే పనికి పోతుంది. పని మానుకుని వచ్చి, తలవైపు అంటించిన కాగితం కూడబలుక్కుని చదివింది.

"ఇది ఎవరి గురించిరా?"

"నాన్న గురించే."

"నెమ్మదస్తుడా? ఎడ్లు ఆగితే ఆయన తిట్టే తిట్లకి ఆడోళ్లం చెవులు మూసుకునేవాళ్లం. సిగ్గయితే ఇంటికి పోయి పడుండు. చచ్చేవాడి నోరు కూడా నువ్వే మూయాలా?"

"మెల్లగా అక్కా, అందరూ వింటున్నారు."

"విననీ. ఆ ఎడ్లు తోలే నిన్ను పంతుల్ని చేశాడు."

కీర్తనలు ఆపేసి, ఫోనులో బండలాగుడు పోటీ పెట్టింది. మైకులో కేకలు, గజ్జెల మోత. నాన్న ఇటు తిరిగాడు. కాసేపు చూసి, "ఎడమది దొంగముండ, కాడి వదిలేస్తంది" అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. "వాణ్ణి అవతలికి పొమ్మనవే."

బయటికొచ్చాను. పాటల పుస్తకాలతో సంఘంవాళ్లు ఎదురొచ్చారు. మా నాన్న పాలేరని, కాగితంలో అబద్ధం రాశానని, ఆయనకు పాటలు వద్దని వాళ్లకు చెప్పాను. ఇద్దరు ముఖాలు తిప్పుకుని వెళ్లిపోయారు.

నర్సమ్మ దగ్గర ఇంకో కాగితం అడిగి తెచ్చి, మంచం పక్కన నిలబడ్డాను. నాన్న నాతో మాట్లాడలేదు. అక్కకు చెప్పాడు, నేను రాశాను. పోటీలు పెట్టాలి. చుట్ట వాసనైనా చూపించాలి. గారూ గీరూ వద్దు, 'ఏం మావా' అంటే పలుకుతాడు. చివర్లో, "నా కొడుకుని ఎక్కువసేపు కూచోనీయొద్దని రాయమనవే" అన్నాడు.

అదీ రాశాను. నా చేత్తోనే అంటించాను. ఆ తర్వాత ఆయన ఉన్న తొమ్మిది రోజులూ, రోజూ పావుగంట పోటీ పెట్టిన ఫోను పట్టుకుని నిలబడి, వచ్చేసేవాణ్ణి.